రొమ్ము తీసేయకుండా క్యాన్సర్ ఆపరేషన్: కత్తి పడకముందే తేల్చుకోవాల్సినవి

రాజోలులో నాకు టైలరింగ్ షాపు ఉంది. ఏళ్ల తరబడి ఆడవాళ్ల జాకెట్లే కుడుతున్నాను. నాకు ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డ వచ్చినప్పుడు రొమ్ము ఉంచి గడ్డ వరకే తీశారు, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. ఈ సంగతి తెలిశాక చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చి నన్నే అడగడం మొదలుపెట్టారు. ఉంచుకుంటే మళ్లీ వస్తుందా, ఆకారం ఎలా ఉంటుంది, మా అత్తగారు మొత్తం తీయించెయ్యమంటున్నారు, ఏం చెయ్యను అని. నేను డాక్టర్ని కాదండి. నా ఒంటి మీద జరిగింది, డాక్టర్లను విడవకుండా అడిగి తెలుసుకున్నది, ఆపరేషన్ అయినవాళ్లకు జాకెట్లు కుడుతూ చూసింది, ఈ మూడే నాకు తెలిసినవి. మీ రిపోర్టులు చూసిన డాక్టర్ మాటే మీకు చివరి మాట. ఆ డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలి, దేని తర్వాత ఏది చేయించుకోవాలి అన్నది చెప్పడానికి ఇది రాస్తున్నాను.

గడ్డ తగలగానే కోయించేసుకోకండి

మా వైపు ఎక్కువగా జరుగుతున్నది ఇదే. గడ్డ తగులుతుంది, దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌కి వెళ్తారు, "చిన్న గడ్డే, తీసేసి పరీక్షకు పంపిద్దాం" అంటారు. నా దగ్గరికి వచ్చే ఒకావిడకు అలాగే తీశారు. రిపోర్టులో క్యాన్సర్ అని వచ్చింది. అంచుల్లో ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేకపోయారు. కోత కూడా అడ్డదిడ్డంగా పెట్టారు. పెద్దాసుపత్రిలో మళ్లీ కోయాల్సి వచ్చింది. మొదటే సరిగ్గా జరిగి ఉంటే ఆవిడ రొమ్ము ఆకారం చాలావరకు నిలిచేది.

సరైన వరస ఇదీ: ముందు డాక్టర్ చేత్తో పరీక్ష చేయాలి. తర్వాత రెండు రొమ్ములకూ మామోగ్రామ్, స్కానింగ్. తర్వాత లావు సూదితో చిన్న ముక్క తీసే ట్రూకట్ బయాప్సీ. ఆ చోటు వరకే మత్తు ఇంజక్షన్ ఇచ్చి చేస్తారు, ఆ రోజే ఇంటికి వచ్చేయొచ్చు. ఆ ముక్క మీదే ఈఆర్, పీఆర్ (గడ్డ హార్మోన్ల వల్ల పెరిగే రకమా అని చూసేవి), హెర్2 (ఆ పేరున్న ప్రొటీన్ గడ్డలో ఎక్కువగా ఉందా అని చూసేది) పరీక్షలు చేయించాలి. ఏ మందులు వాడాలి, ఆపరేషన్ ముందా కీమో ముందా అన్నది వాటిని బట్టే తేలుతుంది. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని ఊళ్లో ఒక భయం ఉంది. ఆ భయంతో పరీక్ష మానుకుని తిన్నగా కత్తి దాకా వెళ్లకండి. క్యాన్సర్ అని తేలాక ఒకటి రెండు వారాలు ఆగి, ఆలోచించి, ఇంకో డాక్టర్‌కి చూపించుకున్నంత మాత్రాన కొంప మునిగిపోదు. అంతకంటే ఎక్కువగా నెలలు జరగనివ్వకండి.

"మొత్తం తీసేస్తే పీడ పోతుంది కదా?"

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒకప్పుడు రొమ్ము, దాని కింద కండ, చంకలో గ్రంథులు అన్నీ తీసేసేవాళ్లు. అంత తీయక్కర్లేదేమో అని 1970లలో ఇటలీలో ఉంబెర్టో వెరోనేసి, అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ పెద్ద పరిశోధనలు మొదలుపెట్టారు. మిలాన్‌లో రెండు సెంటీమీటర్ల లోపు గడ్డ ఉన్న 701 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు రొమ్ము మొత్తం తీశారు. ఇంకో గుంపుకు గడ్డ ఉన్న భాగం తీసి రేడియేషన్ ఇచ్చారు. 20 ఏళ్లు చూశారు. రెండు గుంపుల్లోనూ బతికినవాళ్ల సంఖ్యలో తేడా లేదు. ఫిషర్ పరిశోధనలో 1,851 మంది, నాలుగు సెంటీమీటర్ల దాకా గడ్డలు. అక్కడా 20 ఏళ్ల తర్వాత అదే ఫలితం. రెండూ 2002లో అచ్చయ్యాయి.

తేడా ఉన్న చోటు కూడా చెప్పాలి. మిలాన్‌లో రొమ్ము ఉంచుకున్న 352 మందిలో 30 మందికి అదే రొమ్ములో మళ్లీ వచ్చింది. మొత్తం తీయించుకున్న 349 మందిలో 8 మందికి ఆ చోటే తిరగబెట్టింది. అంటే ఉంచుకుంటే ఆ చోట మళ్లీ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువే. అయితే అలా వచ్చినదాన్ని ఏటేటా మామోగ్రామ్‌తో తొందరగా పట్టుకుని మళ్లీ ఆపరేషన్ చేయొచ్చు, అందుకే ప్రాణాల లెక్కలో తేడా రాలేదు. పైగా అవి పాత రోజుల లెక్కలు. ఇప్పుడు అంచులు చూసే పద్ధతి, మందులు రెండూ మెరుగుపడ్డాయి.

ఇప్పుడు అసలు మాట. ఫిషర్ పరిశోధనలోనే గడ్డ తీసి రేడియేషన్ ఇవ్వనివాళ్లలో 100కి 39 మందికి అదే రొమ్ములో మళ్లీ వచ్చింది. రేడియేషన్ ఇచ్చినవాళ్లలో 14 మందికే. రొమ్ము ఉంచుకోవడం ఎంత క్షేమం అన్నది ఈ రెండు అంకెల్లోనే ఉంది. ఆపరేషన్, రేడియేషన్ రెండూ కలిపితేనే ఒక వైద్యం. "ముందు ఆపరేషన్ చేయించుకుందాం, కరెంటు పెట్టించుకునే సంగతి తర్వాత చూద్దాం" అనుకునేటట్టయితే రొమ్ము ఉంచుకునే దారిలోకి దిగకండి.

అరవై అయిదు దాటిన పెద్దావిడకు చిన్న గడ్డ, చంకలోకి పాకలేదు, ఈఆర్ పాజిటివ్, హార్మోన్ మాత్రలు తప్పకుండా వాడతారు అనుకుంటే రేడియేషన్ వదిలేయొచ్చా అని డాక్టర్లు ఆలోచిస్తారు. అది డాక్టర్ తేల్చాలి, ఇంట్లోవాళ్లు కాదు.

మీకు కుదురుతుందా

గడ్డ ఎంతుందన్నది ఒక్కటే చూస్తే చాలదు. గడ్డకూ రొమ్ముకూ ఉన్న నిష్పత్తి చూడాలి. మూడు సెంటీమీటర్ల గడ్డ పెద్ద రొమ్ములో ఉంటే తీసినా తెలియకపోవచ్చు, చిన్న రొమ్ములో అదే గడ్డ తీస్తే చాలా పోతుంది. మొత్తం పరిమాణంలో ఐదో వంతు దాటి తీయాల్సి వస్తే మామూలుగా కుట్టేస్తే ఆకారం చెడుతుందని మా సర్జన్ చెప్పారు. గడ్డ పెద్దదైతే ముందు కీమో ఇచ్చి చిన్నది చేసి, అప్పుడు తీసే పద్ధతి ఉంది. అలా అయితే కీమో మొదలుపెట్టక ముందే గడ్డలో చిన్న లోహపు క్లిప్పు పెట్టారా అని అడగండి. మందుకు గడ్డ పూర్తిగా కరిగిపోతే ఎక్కడ కోయాలో చూపించేది ఆ క్లిప్పే.

రొమ్ములో వేర్వేరు చోట్ల గడ్డలున్నా, మామోగ్రామ్‌లో సున్నపు చుక్కలు రొమ్మంతా పరుచుకుని ఉన్నా, రొమ్మంతా ఎర్రగా వాచే రకం క్యాన్సరైనా, ఛాతీకి ఇదివరకే రేడియేషన్ తీసుకున్నా చాలావరకు మొత్తం తీయమనే చెబుతారు. గర్భం మొదటి నెలల్లో ఉన్నా, చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా లాంటి జబ్బులున్నా ముందే చెప్పాలి. అమ్మకో, అక్కచెల్లెళ్లకో రొమ్ము క్యాన్సర్ గానీ అండాశయ క్యాన్సర్ గానీ ఉంటే ఆ మాటా చెప్పండి, జీన్ పరీక్ష అవసరం కావచ్చు. మొత్తం తీయించుకోవాల్సి వచ్చినవాళ్లు తక్కువైపోయినట్టు కాదు. వాళ్లకు అదే సరైన వైద్యం.

తేదీ ఖాయం చేసుకునే ముందు రేడియేషన్ ఎక్కడో ఖాయం చేసుకోండి

మన కోనసీమవాళ్లకు ఇదే పెద్ద చిక్కు. రేడియేషన్ సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ ఇస్తారు. మిషను మీద ఉండేది కొద్ది నిమిషాలే, నొప్పి ఉండదు. ప్రయాణమే ఒళ్లు విరిచేస్తుంది. రాజమండ్రి, కాకినాడ, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి, ఎక్కడికి వెళ్లాలన్నా రోజూ పోయి రావడం కష్టం. అందుకే ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందే రేడియేషన్ డాక్టర్‌ని ఒకసారి కలవండి.

ఎన్ని వారాలు అని అడగండి. ఒకప్పుడు ఐదు వారాల్లో 25 విడతలు ఇచ్చేవాళ్లు. తర్వాత ఇంగ్లండ్‌లో మూడు వారాల్లో 15 విడతలు, మొత్తం 40 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), ఇచ్చి చూస్తే జబ్బు మీద పని అంతే ఉంది, రొమ్ము కుంచించుకుపోవడం, వాపు లాంటివి తగ్గాయి కూడా. 2020లో అచ్చయిన ఇంకో పరిశోధనలో ఒకే వారంలో 5 విడతలు, 26 గ్రే, ఇచ్చినా ఐదేళ్ల ఫలితం మూడు వారాలదానికి తీసిపోలేదు. నాకు మూడు వారాలది ఇచ్చారు. తక్కువ వారాలంటే తక్కువ వైద్యం అనుకుని భయపడొద్దు. వయసు తక్కువ ఉన్నవాళ్లకు గడ్డ ఉన్న చోట అదనంగా బూస్ట్ అని కొన్ని విడతలు ఇస్తారు. తిరగబెట్టడం తగ్గుతుంది, ఆ చోట కాస్త గట్టిపడుతుంది. వయసులో ఉన్నవాళ్లకు ఆ గట్టిదనం భరించదగిన ఖరీదే అని నా అభిప్రాయం. ఎడమ రొమ్ము అయితే ఊపిరి బిగబట్టించి ఇచ్చే పద్ధతి ఉందా అని అడగండి. నిండుగా ఊపిరి పీలిస్తే గుండె కిరణాల దారి నుంచి పక్కకు జరుగుతుంది.

కార్డు మీద చేయించుకునేవాళ్లు పాత ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌లో ఆపరేషన్‌కీ రేడియేషన్‌కీ రెండిటికీ అక్కడే ఆమోదం వస్తుందా, వేరే ఆసుపత్రికి వెళ్లాలా అని ముందే అడగాలి.

ఇంకొకటి, వరదలు. జులై నుంచి సెప్టెంబరు మధ్య రేడియేషన్ పడితే లంక గ్రామాలవాళ్లు ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే గది తీసుకుని ఉండండి. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగితే పడవే దిక్కు, ఆ పడవ కూడా ఆపేసే రోజులుంటాయి. మధ్యలో విడతలు పోతే వైద్యం బలం తగ్గుతుంది. తప్పిపోతే వెంటనే ఫోన్ చేసి, పోయిన విడతను ఎలా కలుపుతారో కనుక్కోండి.

ఆకారం గురించి సిగ్గుపడకుండా అడగండి

"ప్రాణం మీదికి వస్తే అందం సంగతి ఎందుకు" అని మా ఇంట్లోవాళ్లే అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ తర్వాత ముప్ఫై నలభై ఏళ్లు ఆ ఒంటితో బతకాల్సింది మనం. జబ్బు పూర్తిగా పోవాలని, ఆకారం నిలవాలని రెండూ కోరుకోవచ్చు. ఆకారం చాలావరకు కోయక ముందు గీసే గీతలోనే తేలిపోతుంది.

గడ్డ రొమ్ము పై భాగంలో చంక వైపు ఉంటే తీసినా లోటు అంతగా కనపడదు. కింది భాగంలో, లోపలి వైపు ఉంటే కష్టం. అక్కడ ముక్క తీసి ఖాళీ నింపకుండా చర్మం కుట్టేస్తే, గుడ్డ చాలకపోయినా డార్ట్ లాగి కుట్టినప్పుడు ముడత పడ్డట్టు, చనుమొన కిందికి లాక్కుపోతుంది. దీనికి విరుగుడు ఆంకోప్లాస్టిక్ పద్ధతి. గడ్డను చుట్టూ ఉన్న మంచి కండతో సహా తీసి, పక్కనున్న రొమ్ము కండను జరిపి ఖాళీ నింపుతారు. రొమ్ములు బాగా పెద్దగా, బరువుగా ఉన్నవాళ్లకు గడ్డ తీస్తూనే రొమ్మును చిన్నది చేసి, రెండోదాన్ని కూడా సరిచేసే ఆపరేషన్ ఉంది. రేడియేషన్ పడ్డాక రొమ్మును సరిదిద్దడం కష్టం, పుండు మానడం ఆలస్యమవుతుంది. కాబట్టి ఇది మొదటి ఆపరేషన్‌లోనే జరగాలి.

సర్జన్‌ని అడగాల్సినవి కాగితం మీద రాసుకెళ్లండి. కోత ఎక్కడ పెడతారో పెన్నుతో గీసి చూపించమనండి. ఖాళీని దేనితో నింపుతారు? చనుమొన నిలుస్తుందా, జరుగుతుందా? చంకలో మొదటి గ్రంథుల వరకే తీసి చూసే సెంటినెల్ పరీక్ష చేస్తారా, అన్నీ తీస్తారా? గడ్డ తీసిన చోట రేడియేషన్ కోసం క్లిప్పులు పెడతారా? అంచుల్లో మిగిలితే ఏం చేస్తారు? మీరు ఇలాంటివి తరచుగా చేస్తారా అని కూడా అడగండి. మంచి డాక్టర్ ఈ ప్రశ్నకు కోప్పడరు. ఆపరేషన్‌కు ముందు ఫొటోలు తీయించండి, తర్వాత పోల్చి చూడటానికి అవే ఆధారం.

రిపోర్టులో ఒక్క మాట వెతకండి: అంచులు

తీసిన ముక్క చుట్టూ సిరా పూసి మైక్రోస్కోపు కింద చూస్తారు. పాకే రకం క్యాన్సరైతే ఆ కణాలు సిరాను తాకకూడదు. అంతే చాలు, ఇంకా ఎక్కువ వెడల్పు తీయక్కర్లేదని 2014 నుంచి నియమం. నాళాల లోపలే ఉండే డీసీఐఎస్ రకమైతే రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలంటారు. అంచుల్లో ఉందని వస్తే మళ్లీ కోయాలి. కొంతమందికి ఇలా జరుగుతుందని ముందే తెలిసి ఉంటే, ఆ ఫోన్ వచ్చినప్పుడు అంత టెన్షన్ పడరు. ఈ రిపోర్టు, స్లైడ్లు, బ్లాకులు (తీసిన ముక్కను మైనంలో పెట్టి దాచినవి) అన్నీ మీవే. అడిగి తెచ్చుకుని జాగ్రత్త చేయండి.

ఇంటికి వచ్చాక

రొమ్ము కొన్నాళ్లు వాచి బరువుగా ఉంటుంది. గాయం లోపల నీరు చేరొచ్చు, మరీ బిగిస్తే డాక్టర్ సూదితో తీస్తారు. వైరు లేని మెత్తటి కాటన్ బ్రా, ముందు హుక్కులది, రాత్రి కూడా వేసుకుంటే హాయి. చెయ్యి కదిలిస్తే కుట్లు ఊడతాయని చెయ్యి దగ్గరగా పెట్టుకుని కూర్చునేవాళ్లను చూశాను. అలా చేస్తే భుజం బిగుసుకుంటుంది, రేడియేషన్‌కి చెయ్యి తల పైకెత్తి పడుకోలేరు. డాక్టర్ చెప్పిన రోజు నుంచి వ్యాయామాలు మొదలుపెట్టండి. చంక లోపలి వైపు, పై చేతి లోపలి వైపు తిమ్మిరిగా ఉంటుంది, భయం లేదు.

రేడియేషన్ నాటికి చర్మం సంగతి. మనది ఉక్క. రొమ్ము కింద మడత, చంక చెమటతో నానిపోతాయి, చర్మం లేచేది అక్కడే. గోరువెచ్చటి నీళ్లు, మామూలు సబ్బు చాలు. రుద్దకుండా అద్ది ఆరబెట్టండి. పసుపు, కొబ్బరినూనె, ఆకు పసర్లు, పౌడరు ఏవీ డాక్టర్‌ని అడగకుండా రాయకండి. చర్మం నల్లబడుతుంది, అయ్యాక ఇంకో వారం రెండు వారాలు పెరిగి, ఆ తర్వాత తగ్గుతుంది. పెద్ద రొమ్ములవాళ్లకు ఈ ఇబ్బంది కాస్త ఎక్కువ.

చంకలో గ్రంథులు తీసినవాళ్లు ఆ చేతిని జాగ్రత్తగా చూసుకోవాలి. రొయ్యల షెడ్డులో ఒలిచేవాళ్లు, చేపలు కోసేవాళ్లు, కొబ్బరి పీచు పని చేసేవాళ్లు గ్లౌజులు వేసుకోండి. గీరుకుంటే కడిగి మందు రాయండి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. చేతి గాజులు బిగుతైపోతున్నాయంటే వాపు మొదలైనట్టే. దాన్ని తొలిరోజుల్లో పట్టుకుంటే అదుపులో ఉంటుంది.

జాకెట్టు కొలతలు

ఆకారం ఏడాది దాకా మారుతూనే ఉంటుంది, కాబట్టి ఖరీదైన పట్టు జాకెట్లు ఈలోపు కుట్టించకండి. ఆ తర్వాత కూడా ఏళ్ల మీద రేడియేషన్ పడ్డ వైపు కొద్దిగా గట్టిపడి, చిన్నదై, పైకి లేచినట్టు ఉంటుంది. ఒళ్లు వస్తే రెండో వైపు పెరిగినంత ఇటు పెరగదు. నేను కొలిచిన చాలామందిలో ఇదే చూశాను.

అందుకని టైలర్‌కి మొహమాటపడకుండా చెప్పండి. మొత్తం ఛాతీ కొలత తీసుకుని సగం చేస్తే కుదరదు. మెడ నుంచి చనుమొన దాకా, మధ్య గీత నుంచి పక్క కుట్టు దాకా రెండు వైపులా వేర్వేరుగా కొలవాలి. ప్రిన్సెస్ కట్ అయితే రెండు పక్కల్నీ విడిగా సరిచేయొచ్చు. చిన్న వైపు లైనింగ్ లోపల పల్చటి కప్పు పెట్టి కుడితే పైకి తేడా తెలియదు. పక్క కుట్టులో రెండంగుళాల గుడ్డ వదలండి. వాపున్న చేతికి చెయ్యి కొలత వేరే తీసుకోవాలి, చంక దగ్గర బిగించొద్దు. అయినా తేడా మరీ ఎక్కువగా ఉండి బాధపెడుతుంటే ఒంటి కొవ్వు తీసి నింపే పద్ధతి, రెండో రొమ్మును సరిచేసే ఆపరేషన్ ఉన్నాయి. ఏడాది దాటాక సర్జన్‌ని అడగండి.

ఏటేటా

ఈఆర్ పాజిటివ్ వాళ్లకు టామాక్సిఫెన్ లాంటి మాత్ర ఐదేళ్లు, కొందరికి పదేళ్లు రాస్తారు. వేడి ఆవిర్లు, కీళ్ల నొప్పులు రావచ్చు. మానేయాలనిపిస్తే మానేసి ఊరుకోకుండా డాక్టర్‌కి చెప్పి మందు మార్పించుకోండి.

రేడియేషన్ అయిన ఆరు నెలల నుంచి ఏడాది లోపు మొదటి మామోగ్రామ్, ఆ తర్వాత ప్రతి ఏడాదీ రెండు రొమ్ములకూ. నొక్కినప్పుడు కాస్త నొప్పిగా ఉంటుంది, అయినా మానొద్దు. మచ్చ దగ్గర గట్టిగా గడ్డలా తగలొచ్చు, చచ్చిపోయిన కొవ్వు అలా గట్టిపడుతుంది. చాలాసార్లు అదే అయి ఉంటుంది గానీ తేల్చాల్సింది మీరు కాదు. కొత్తగా గడ్డ తగిలినా, చర్మం ఎర్రబడి తగ్గకపోయినా, చనుమొన లోపలికి లాక్కున్నా, రక్తం కారినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. వెళ్లేటప్పుడు పాత మామోగ్రామ్ ఫిల్ములు అన్నీ పట్టుకెళ్లండి. ఆపరేషన్ అయిన రొమ్ములో మచ్చకూ గడ్డకూ తేడా పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే రేడియాలజిస్టుకు బాగా తెలుస్తుంది.